తెరమీది స్వప్నము – పద్యములోని స్మృతి



నేను ముప్పదియైదేండ్లు గోదావరీతీరపు పాఠశాలలలో తెలుగు చెప్పి, పని విరమించి, ఇంటిపట్టున కూర్చున్న వాడను. పంచకావ్యములు, బాలవ్యాకరణము, కొంత అలంకారశాస్త్రము – ఇవి నా చదువు. అట్టివాడు సినిమాను గూర్చి ప్రసంగింప పూనుకొనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన పల్లెలలో అరువదియేండ్లు దాటినవారిని ఎవరినైనను అడిగి చూడుడు. చిన్ననాడు డేరాలో నేలమీద కూర్చుండి చూచిన ఏదో యొక బొమ్మ, నిన్న రాత్రి వచ్చిన కలవలె, వారి కన్నుల ముందు నిలిచియే యుండును. అట్టి కలవంటి చలనచిత్రమును పద్యముగా చేయవచ్చునా? చేసినచో అందేది నిలుచును, ఏది జారిపోవును? ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి రాలేదు; మా అమ్మ నోటినుండి వచ్చినది. ఆ సంగతి తుదకు చెప్పెదను. ముందుగా దీని పూర్వచరిత్రను కొంత విన్నవింతును.

కల, బొమ్మ, పద్యము – ఈ మూడును ఒకచోట కూడిన కథ మనకు క్రొత్తది గాదు. భాగవతము దశమస్కంధమందలి ఉషాకన్య వృత్తాంతము మీరందరు ఎరిగినదే. బాణాసురుని కూతురు ఉష కలలో నొక సుందరుని చూచినది. మేల్కొనునప్పటికి వాడు లేడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆమె చెలికత్తె చిత్రరేఖ, మంత్రి కుంభాండుని కూతురు, గొప్ప చిత్రకారిణి. "నీవు చూచినవాడు మూడు లోకములలో ఎచ్చటనున్నను తెచ్చెద" నని పలికి, దేవతలను, గంధర్వులను, సిద్ధులను, నాగులను, మనుష్యులను వరుసగా చిత్రించి చూపినది. ఒక్కొక్క బొమ్మ వచ్చుచున్నది, పోవుచున్నది, ఉష చూచుచున్నది. ప్రద్యుమ్నుని బొమ్మ వచ్చినప్పుడు ఆమెకు సిగ్గు కలిగినది. అనిరుద్ధుని బొమ్మ వచ్చినప్పుడు తల వంచుకొన్నది, చిరునవ్వుతో "వీడే" యన్నది.

ఇందులో నొక సూక్ష్మము కలదు. చిత్రరేఖ వ్రాసిన బొమ్మలు ఎంత చక్కనివైనను, కథ నడిచినది ఆ బొమ్మలవలన గాదు. ఉష తల వంచుకొనుటవలన. కవి మనకు అనిరుద్ధుని ముక్కు, కన్నులు, కిరీటము వర్ణించి ఊరకుండినచో అది జాబితాయే యగును. చూచినదాని హృదయములో ఏమి జరిగినదో చెప్పినప్పుడు మాత్రమే అది కవిత యైనది. నేను నేడు చెప్పదలచిన మాట యంతయు ఈ వంగిన తలలోనే యున్నది.

భవభూతి ఉత్తరరామచరితమునందలి మొదటి యంకమును కూడ జ్ఞప్తికి దెచ్చుకొనుడు. లక్ష్మణుడు సీతకు చిత్రపటములను చూపుచున్నాడు. అవి వారి వనవాసకథయే. శూర్పణఖ బొమ్మ కానవచ్చుసరికి సీత భయపడినది. ఇది చిత్రము మాత్రమేయని రాముడు ఆమెను ఊరడింపవలసి వచ్చినది. బొమ్మ యని తెలిసియు భయపడుట! డేరాలో తెరమీద పులి దూకినప్పుడు వెనుకకు జరిగిన మన పెద్దలు సీతకంటె అమాయకులు గారు.

ఈ వింతకు మన శాస్త్రజ్ఞులు పేరు కూడ పెట్టిరి. శ్రీశంకుకుడను ఆలంకారికుడు దీనిని చిత్రతురగన్యాయ మన్నాడు. గోడమీది గుర్రపు బొమ్మను చూచి "ఇది గుర్రము" అందుము. అది సత్యజ్ఞానము గాదు, భ్రాంతియు గాదు, సంశయమును గాదు, సాదృశ్యజ్ఞానము మాత్రమును గాదు. నాలుగింటికంటెను వేరైన తెలివి. నాటకములోని నటుని "ఇతడే రాముడు" అని మనము చూచుట అట్టిది. తరువాతివాడైన అభినవగుప్తుడు ఈ మతమును పరిశీలించి, అనుకరణముతో రసము పుట్టదనియు, అది సహృదయుని మనస్సులోనే మేల్కొనుననియు సిద్ధాంతీకరించినాడు. వేయి సంవత్సరములనాటి ఈ చర్చ సినిమాను గూర్చినదే యన్నంత సరిగా సరిపోవుచున్నది. తెరమీద నున్నది వెలుగు, నీడ. కల మాత్రము చూచువానిది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. తెరవెనుక దీపము పెట్టి, తోలుబొమ్మల నీడలను ఆడించుట మన జనులకు అనాదిగా వచ్చిన వినోదము. కాకినాడ దగ్గరి మాధవపట్నము నేటికిని ఆ విద్యకు పేరుపడినదే. ఆ ఆటగాండ్రు రంగనాథరామాయణపు ద్విపదలను పాడుచు బొమ్మలను ఆడింతురు. అక్కడ పద్యము ముందు పుట్టినది. నీడ దాని వెంట నడచినది. పద్యము చెప్పిన చోటికి బొమ్మ పోవును, పద్యము ఆగినచోట ఆగును.

సినిమా వచ్చి ఈ వరుసను తలక్రిందులు చేసినది. 1896వ సంవత్సరము జూలై 7వ తేదీన బొంబాయిలో ల్యూమియేరు సోదరుల కదలు బొమ్మలు మన దేశమున మొదటిసారి ప్రదర్శింపబడెను. వానికి మాటలేదు. నీడ ముందు వచ్చినది. మాట దానికోసము వెదకుకొనవలసి వచ్చినది. అందుచేత మూగచిత్రముల దినములలో తెరప్రక్కన నొకడు నిలిచి, బిగ్గరగా కథ చెప్పు వాడుక ఏర్పడినది. జపానుదేశమున ఇట్టివారిని "బెన్షి" యందురు; కొందరు బెన్షులకు నటులకంటె ఎక్కువ ప్రఖ్యాతి యుండెడిదట. మన వైపు తెరప్రక్కన నిలిచినవారి పేర్లు ఎవరును వ్రాసి పెట్టలేదు. అయినను తెరమీది స్వప్నమును మాటలలోనికి దింపుటకు మొదట యత్నించినది వారే. వారిని మన చలనచిత్రసాహిత్యపు ఆదికవులని నేను తలంచుచున్నాను.

ఆ మూగచిత్రముల కాలముననే మన కాకినాడవాసి చిత్తజల్లు పుల్లయ్యగారు "భక్తమార్కండేయ" యను చిన్న చిత్రమును కాకినాడలోనే తీసిరి. తరువాత 1934లో వారు తీసిన "లవకుశ" టాకీని చూచుటకు పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని పట్టణములకు పోయిరి. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను స్థాపించిరి. ఆంధ్రదేశమున స్టూడియో యనదగినది అదియే మొదటిది. "సంపూర్ణరామాయణము" అక్కడ తయారైనది. ఆ సంస్థ దీర్ఘకాలము నడువకపోయినను, కలకత్తాకో బొంబాయికో పోకుండ గోదావరి యొడ్డుననే కలలను నేయవచ్చునని చూపినది.

ఈ కాలమున పద్యమునకును తెరకును నడుమ నిలిచిన మనిషి యొకరు మన మండలమున నుండిరి. వారు అడివి బాపిరాజుగారు. 1895లో భీమవరము ప్రాంతమున పుట్టిరి. రాజమహేంద్రవరమున చదువుకొనునప్పుడు, కళాశాలాధ్యక్షుడైన ఆస్వల్డు కూల్డ్రేదొర వీరియందును, చిత్రకారుడు దామెర్ల రామారావుగారియందును గల శక్తిని కనిపెట్టి ప్రోత్సహించెను. ఇంగ్లీషు దొర తెలుగు పిల్లలకు వారి నదిని, వారి శిల్పమును చూపి, వారి కన్నులను తెరపించుట చరిత్రలో అరుదుగా జరుగునట్టి పని. రామారావుగారు 1925లో ఇరువదియెనిమిదవ యేటనే కన్నుమూసిరి. బాపిరాజుగారు కవియు, నవలాకారుడు, చిత్రకారుడు, గాయకుడునై బ్రతికిరి. "శశికళ" యను ఊహాసుందరిని గూర్చి పాటలు వ్రాసిరి. ఆమె స్త్రీయా, కళయా, కలయా యని చదువరి తేల్చుకొనజాలడు. అట్టి బాపిరాజుగారే 1936లో వచ్చిన "అనసూయ", "ధ్రువవిజయము" చిత్రములకు, తరువాత "మీరాబాయి"కి కళాదర్శకత్వము వహించిరి.

ఆలోచింపుడు. ఉషాకథలో కల కనునది ఒకతె, బొమ్మ వ్రాయునది ఇంకొకతె, పద్యము చెప్పునది కవి. బాపిరాజుగారిలో ఈ మువ్వురును ఒకరే యైరి. అయినను వారు తెరకు చేసిన పనిని పద్యములోనికి తేలేదు, పద్యమును ఉన్నదున్నట్లు తెరమీద పెట్టలేదు. తెరకు కావలసినది తెరకు, పాటకు కావలసినది పాటకు ఇచ్చిరి. రెండింటి నడుమ గట్టు ఎక్కడున్నదో ఎరిగినవారు గనుకనే అట్లు చేసిరని నా నమ్మకము.

పాశ్చాత్యదేశములందును ఇదే కాలమున ఈ మథనము జరిగినది. 1928లో ఫ్రాన్సునందు మాన్ రే యను చిత్రకారుడు రాబర్ట్ దెస్నో యను కవి రచనను ఆధారము చేసికొని "సముద్రనక్షత్రము" అను చిన్న చిత్రమును తీసెను. మరుసటి యేడు లూయీ బున్యుయెల్, సాల్వడార్ డాలీ యను స్పెయినుదేశస్థు లిరువురు తాము కనిన రెండు కలలను ఒకరికొకరు చెప్పుకొని, వానినుండి యొక చిత్రము కల్పించిరి. చంద్రుని మేఘము కోసికొని పోవుట ఒకరి కల. అరచేతినిండ చీమలు ప్రాకుట ఇంకొకరిది. అర్థము చెప్పదగిన దేదియు అందులో నుండరాదని వారి నియమము. మన సంప్రదాయమునకు ఆ నియమము పొసగదు. మనము కలకు ఫలము వెదకువారము. కీడు కల వచ్చినచో శాంతి చేయించువారము. కాని వారు గ్రహించిన సత్యము ఒకటి మనకును పనికివచ్చును: కలలో సంఘటనల వరుస ముఖ్యము గాదు, ఒక్క బొమ్మ మనస్సును పట్టుకొన్నచో చాలును.

ఇప్పుడు మన కథకు నడిబొడ్డున నున్న చిత్రము వద్దకు వచ్చితిని. 1951లో బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున "మల్లీశ్వరి"ని తీసిరి. దానికి మాటలును పాటలును వ్రాసినది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. పిఠాపురము చెంతనున్న రావువారి చంద్రంపాలెమున 1897లో పుట్టిన వీరు, 1925నాటి "కృష్ణపక్షము"తో భావకవులలో అగ్రగణ్యులైరి. మల్లీశ్వరి వారికి మొదటి సినిమా. ఏబది సంవత్సరములు దాటిన కవి, తన యౌవనపు కలలన్నింటిని వెంటబెట్టుకొని తెరవద్దకు వచ్చెను.

ఆ కథ మీలో చాలమంది ఎరిగినదే. మేనమామ కూతురు, మేనత్త కొడుకు వరుసైన మల్లీశ్వరి, నాగరాజు బండిలో పోవుచుండగా వాన ముంచుకొని వచ్చును. పాడుపడిన చోట తల దాచుకొందురు. అక్కడ ఆమె ఆడుచుండగా మారువేషమున నున్న కృష్ణదేవరాయలు చూచును. నాగరాజు నవ్వులాటకు పల్లకి పంపుడని యడుగును. నవ్వులాట నిజమై పల్లకి వచ్చును. మల్లి రాణివాసమునకు పోవును. అటుపై ఆమె యొకచోట, అతడొకచోట, ఇరువురకు నడుమ మేఘములు. కాళిదాసుని యక్షుడు పంపిన సందేశమే వేరొక రూపమున మరల పయనమైనది. ఆ చిత్రముననే ఉషాపరిణయ యక్షగానమును కూడ ప్రదర్శింతురు. కలలో చూచినవానికై వెదకిన ఉష కథ, కలవలె చేజారినవానికై వేగిన మల్లి కథలో ఇమిడినది.

ఇది పద్యము తెరయైన దారి. భావకవిత్వపు విరహము, మేఘము, వెన్నెల, దూరము – ఇవి యన్నియు అంతకుముందు పుస్తకములలో నుండి చదువుకొన్నవారికి మాత్రమే అందెను. చాలమంది, అదియంతయు నేలవిడిచిన సాము అని హాస్యమాడిరి. తెరమీదికి వచ్చిన పిమ్మట అక్షరము రాని కూలివాడు సైతము మేఘము వంక చూచి నిట్టూర్చెను. కృష్ణశాస్త్రిగారు కంఠవ్యాధిచే మాట పోగొట్టుకొన్న తరువాత కూడ పాటలు వ్రాసిరి, 1980లో దివంగతులైరి. వారి పాటలు కొన్ని 1982లో పాలకొల్లువారైన దాసరి నారాయణరావుగారి "మేఘసందేశము"లో చేరి మరల జనుల నోళ్ళకు ఎక్కినవి. కవి పోయినను మేఘము ఆగలేదు.

పద్యమునుండి తెరకు దారి ఇట్లు సుగమమైనది. తెరనుండి పద్యమునకు మాత్రము దారి ముళ్ళబాటయే. ఆ దారిలో మనకున్నవి రెండు మైలురాళ్ళు. ఒకటి, డేరావద్ద అమ్మెడి పాటల పుస్తకము. పలుచని కాగితము, పైన రంగు అట్ట. ముందు సంగ్రహకథ, పిదప పాటలు. కథ సగము చెప్పి "తరువాతి కథ వెండితెరపై చూడుడు" అని ముగించెడివారు. రెండవది వెండితెర నవల. ధవళేశ్వరమున పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారు అట్టివి వ్రాసి, తెరమీది బొమ్మకు అచ్చు తెలుగు వచనములో క్రొత్త ప్రాణము పోసిరి. కాని పద్యము? ఆ పని చేయవలెనని పూనుకొని నేను తిన్న దెబ్బను ఇప్పుడు చెప్పుదును.

నాకు ఎనిమిదేండ్ల వయస్సున మా ఊరికి టూరింగు టాకీసు వచ్చినది. ఊరి బయట చెరువుగట్టు దిగువన డేరా వేసిరి. సాయంకాలము మైకులో భక్తిపాట వేసినచో ఆట ఉన్నదని గుర్తు. మల్లీశ్వరి మొదటిసారి వచ్చినప్పటికి నేను పుట్టనే లేదు. ఆ చిత్రమే మరల తిరిగి తిరిగి మా ఊరు చేరినది. అమ్మ నన్ను వెంటబెట్టుకొని పోయినది. నేల టిక్కెట్టు, ఇసుక కుప్పగా పోసి, ఎత్తు చేసికొని కూర్చుంటిమి. తెరమీద వాన కురియుచుండగా బయట కూడ అకాలపు వాన పట్టుకొన్నది. డేరా కారినది. యంత్రము ఆపి, మరల వేసి, ఎట్లో ఆట ముగించిరి. పొలముగట్ల వెంబడి చీకటిలో ఇల్లు చేరితిమి. ఇంతే నాకు జ్ఞాపకము.

తరువాత పండ్రెండేండ్లకు అమ్మకు నీటికాసులు వచ్చి చూపు పూర్తిగా పోయినది. నేను రాజమహేంద్రవరమున ప్రాచ్యకళాశాలలో చదువుచు, అప్పుడప్పుడే పద్యము కట్టుట నేర్చి, ప్రతివానికి వినిపించుచు తిరుగుచుండిన దినములవి. సెలవులకు ఇంటికి వచ్చునప్పటికి అదే చిత్రము డేరాలో మరల ఆడుచున్నది. అమ్మ పాట వినబడుచున్న వైపు మొగము త్రిప్పి, "నాయనా, నీవు పోయి చూచి రా. వచ్చి నాకు పద్యాలుగా చెప్పు. పద్యాలు కడుతున్నావు గదా" అన్నది.

నేను చూచి వచ్చి, మూడు దినములు కూర్చుండి, ఇరువదినాలుగు పద్యములు వ్రాసితిని. సీసములు, చంపకమాలలు, ఒక మత్తేభము. కథ మొదటినుండి తుదివరకు ఒక్క సంఘటనను విడువలేదు. రాయలవారి సభను సీసములో వర్ణించితిని. పల్లకిని ఉత్పలమాలలో ఎత్తితిని. యతిప్రాసలలో తప్పు పట్టుటకు వీలులేదు. సాయంకాలము వసారాలో అమ్మ ఎదుట కూర్చుండి, గొంతు సవరించుకొని అన్నియు చదివితిని. ఆమె ఓపికగా విన్నది. విని, "బాగున్నాయి నాయనా. కథ నాకు తెలిసినదే. వాన మాత్రం కనబడలేదు" అన్నది.

నాకు కోపము వచ్చినది. వానకు ఒక చంపకమాల పూర్తిగా వ్రాసితిని! మేఘములు, మెరుపులు, జడివాన – అన్నియు అందున్నవి. ఆ మాటయే అంటిని. "ఉన్నాయి నాయనా, కాని అది ఎవరి వానో" అన్నది అమ్మ. నేను కాగితములు మడిచి లోపలికి పోయితిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చేసిన తప్పేమి? ఉష ఎదుట చిత్రరేఖ మూడు లోకములను వ్రాసినట్లు నేను కథయంతయు వ్రాసితిని. తల వంచుకొనవలసిన మనిషిని మాత్రము మరచితిని. అమ్మ కడిగినది బి. ఎన్. రెడ్డిగారి వాన గాదు. ఆమె ఆ డేరాలో తన కన్నులతో చూచిన వాన, తన బిడ్డను పెట్టుకొని తడిసిన వాన. కన్నులు పోయినదానికి రాయలవారి సభ ఎందులకు? మరునాడు తెల్లవారుజామున నాలుగే పాదములు వ్రాసితిని. తేటగీతి. పెద్దల మన్నింపు కోరుచు మీకు వినిపించుచున్నాను:

వాన తెరమీద కురిసెను; వాసనేమొ
మట్టినుండి నా ముంగిట మసలిపోయె;
కనులు మూసిన నాకును గానవచ్చె
నమ్మ! నీ చెంగు కప్పిన నాటి రాత్రి.

పద్యము గొప్పదని నేననను. సమాసము లేదు, అలంకారము లేదు. నా గురువుగారు చూచియుండినచో "ఇంతేనా" యనియుందురు. అమ్మ విని కొంతసేపు మాటాడలేదు. పిదప "ఆ రాత్రి నీకు జ్వరం వచ్చింది నాయనా. తెల్లవార్లూ కాచింది" అన్నది. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. అటుపిమ్మట తానే మొదలు పెట్టినది. తెర ఎక్కడ చినిగి అతుకు వేసియుండెనో, మల్లి ఆడుచుండగా ప్రక్కనున్న ముసలమ్మ ఏమన్నదో, పల్లకి వచ్చినప్పుడు డేరాలో ఆడవారందరు ఎట్లు "అయ్యో" యన్నారో – చూపులేని మనిషి ఆ చిత్రమును మొదటినుండి తుదివరకు నాకు చూపినది. నా ఇరువదినాలుగు పద్యములు చేయలేని పని ఆ నాలుగు పాదములు ఎట్లు చేసెనని నేను నేటికిని ఆలోచించుచుందును. అవి ఆమెకు చిత్రమును చెప్పలేదు. ఆమెలోనున్న చిత్రమును మేలుకొలిపినవి. అభినవగుప్తుని సిద్ధాంతమును నేను పుస్తకములో చదివితిని. దాని అర్థము మా వసారాలో తెలిసినది.

పెద్దలారా, ఇది నా యింటి ముచ్చటయని విడిచిపెట్టకుడు. దీనిలో మనకందరకు సంబంధించిన యొక నష్టము దాగియున్నది. పూర్వకాలపు ఫిలిము ఎంత వేగముగా మంటనంటుకొనునో, ఎంత త్వరగా పొడియగునో తెలిసినవారికి తెలియును. మన దేశమున మూగచిత్రములు వేయికి మించి తీయబడెను. నేడు మిగిలినవి కొలదిగా మాత్రమే. 1921లో రఘుపతి ప్రకాశుగారు తీసిన "భీష్మప్రతిజ్ఞ" ప్రతి లేదు. వానిని చూచి కంటతడి పెట్టినవారును లేరు. వారిలో ఒక్కడైనను తాను చూచినదానిని నాలుగు పాదములలో పెట్టియున్నచో, ఆ చిత్రమెట్లున్నదో గాకపోయినను, అది మనుష్యుని ఏమి చేసినదో మనకు తెలిసియుండెడిది. తాళపత్రములు చెదలు తిన్నను పోతన పద్యము నిలిచినది, అవ్వల నోటిలో నుండుటవలన. ఫిలిమునకు అట్టి నోరు లేదు. మనమే దానికి నోరు కావలెను.

నేడు డేరాలు లేవు. అవి వేసిన స్థలములలో ఇండ్లు లేచినవి. మన మనుమలు అరచేతిలోనే చిత్రములను చూచుచున్నారు. పాతవి కొన్ని అందులోనే దొరకుచున్నవి కూడ. కావున కథ వారికి మనము చెప్పనక్కరలేదు. అనిరుద్ధుని బొమ్మ వారివద్ద నున్నది. వారివద్ద లేనిది ఉష తల వంచుకొన్న క్షణము. ఆ యిసుక కుప్ప, ఆ కారిన డేరా, ఆ బండిప్రయాణము, మీ ప్రక్కన కూర్చుండిన మనిషి. అది మీవద్ద మాత్రమే యున్నది, మీతోనే పోవును.

పద్యము కట్టగలవారు పద్యము కట్టుడు. కట్టలేనివారు వచనముననే చెప్పుడు. ద్విపద వచ్చినవారికి ద్విపదయే చాలును. ఒక్క నియమమును మాత్రము పాటింపుడు: తెరమీద జరిగినదానిని వరుసగా చెప్పకుడు. అది చూచుచు మీరు ఎవరి చేయి పట్టుకొంటిరో అది చెప్పుడు. వినువాడు తన చేయి తాను చూచుకొనినచో మీ పని నెరవేరినట్లే.

మా అమ్మ పోయి చాలకాలమైనది. ఆ ఇరువదినాలుగు పద్యముల కాగితములు ఏమైనవో నాకు తెలియదు, వెదకను కూడ లేదు. ఆ తేటగీతి మాత్రము కాగితము మీద ఎన్నడును లేదు. ఈ ప్రసంగమును పుస్తకముగా అచ్చొత్తింతుమన్నందున నేడు మొదటిసారిగా వ్రాసి ఇచ్చుచున్నాను.

సెలవు.